రెండో ఆదివారం ప్రశ్న

మొన్న గుంటూరులో ఒక కాలేజీ వాళ్ళు నన్ను అతిథిగా పిలిచారు. ఇంటికి కారు పంపారు, శాలువా కప్పారు, నా ఫోటో ముద్రించిన గాజు పలక ఒకటి చేతిలో పెట్టారు. నేను రాసిన చరిత్ర పుస్తకాల గురించి గంటసేపు మాట్లాడాను. అయిపోయాక మైకు పట్టుకున్న అమ్మాయి "ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు" అంది. ఎవరూ అడగలేదు. మూడు వందల మంది పిల్లలు కూర్చున్న హాల్లో ఏసీ తిరిగే చప్పుడు మాత్రమే వినపడింది. ఆ అమ్మాయే ఇబ్బందిగా నవ్వి "అందరికీ అంతా అర్థమైనట్టుంది మేడమ్" అని సర్దేసింది. ఆ తర్వాత ఫోటోలు. తిరుగు ప్రయాణంలో సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఈమధ్య ఎక్కడికెళ్ళి మాట్లాడి వచ్చినా ఇలాగే ఉంటోంది. కాళ్ళ నొప్పుల్లేవు, గొంతు బాగానే ఉంది, కానీ ఇంకొక్క మాట కూడా మాట్లాడాలనిపించదు. చెప్పిన మాట ఎవరికీ అక్కర్లేదని తెలిశాక వచ్చే అలసటకు మందేమిటో నాకు తెలియదు.

నా ఇరవైల్లో నేను ఇలాంటి ఉపన్యాసాలు నెలకొకటి చొప్పున కొన్నేళ్ళపాటు విన్నాను. అందులో దాదాపు నాలుగేళ్ళు ప్రశ్న లేకుండా ముగిసిన ఉపన్యాసం ఒకే ఒక్కటి. మిగతా అన్నిటికీ ఒకటే ప్రశ్న. అడిగేది ఒకే మనిషి.

మా ఇల్లు చిలకలూరిపేటలో. కింద పరుపుల కొట్టు, దాని వెనక దూది ఏకే మిషను, ఆ వెనక మేం ఉండే రెండు గదులు, పైన ఒక పొడుగాటి హాలు. మేం నూర్‌బాషాలం. దూది ఏకడం, పరుపులు కుట్టడం తాతల నాటి నుంచీ మా పని. నమాజుకు తప్ప మా ఇంట్లో మాటంతా తెలుగే. మా నాన్న మౌలాలి పద్దెనిమిదేళ్ళకు ఇంట్లో చెప్పకుండా వెళ్ళి సైన్యంలో చేరాడు. దూది నుంచి తప్పించుకుందామని వెళితే అక్కడ వాళ్ళు ఆయన్ని సరఫరా విభాగంలో వేసి దుప్పట్లూ పరుపులూ రేషనూ లెక్కచూసే పని ఇచ్చారు. "హిమాలయాల దాకా పోయినా పరుపు నన్నొదల్లేదు" అని ఆయనే చెప్పి నవ్వేవాడు. పింఛనుతో తిరిగొచ్చి మళ్ళీ అదే కొట్టులో కూర్చున్నాడు. ఊళ్ళో అందరికీ మిలటరీ మౌలాలి.

దూది ఇంట్లో పెరగడం ఎలా ఉంటుందో చెబితే ఇప్పటి వాళ్ళు నమ్మరు. మిషను తిరుగుతున్నంతసేపూ మాటలన్నీ కేకలే. గింజ తీసిన కొత్త పత్తికి కాస్త నూనె కలిసిన పచ్చి వాసన ఉంటుంది. అది మా బట్టల్లో, దుప్పట్లలో, అమ్మ జడలో ఉండేది. అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి, దాని మీద తడిగుడ్డ కప్పి, ఆపైన ఇంకో మూత పెట్టేది. అయినా ఎప్పుడో ఒకప్పుడు ముద్దలో పోగు తగిలేది. మాఘం దాటాక మిర్చి కాలం. గుంటూరు యార్డుకు పోయే లారీలు మా వీధి చివర్నుంచే వెళ్ళేవి. ఆ ఘాటుకి మాకు ఏమీ అయ్యేది కాదు గానీ బయట నుంచి వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నిలబడేవాళ్ళు.

పై హాల్లో బూరుగు దూది బస్తాలు ఉండేవి. నాన్న, ఆయన స్నేహితుడు రామకోటయ్య మాస్టారు కలిసి సైనిక చరిత్ర మిత్రమండలి పెట్టింది ఆ బస్తాల మధ్యే. మాస్టారు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. పల్నాటి యుద్ధం గురించి ఊరి పిల్లాడైనా చెబుతాడు గానీ తన పక్కింట్లో ఉన్న మాజీ సైనికుడు ఎక్కడ ఏ కొండ మీద నిలబడి వచ్చాడో ఎవడికీ తెలియదని ఆయన బాధ. నెలకొకరిని పిలిపిద్దాం, చెప్పిద్దాం, రాసిపెడదాం అన్నాడు. రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి అని పెట్టుకున్నారు. నేనప్పటికి డిగ్రీ పూర్తిచేసి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. చేతిరాత బాగుంటుందని రిజిస్టరు నాకప్పగించారు. "విన్నది విన్నట్టు రాయి ఫాతిమా. మెరుగులు దిద్దబాక" అన్నాడు మాస్టారు మొదటిరోజే.

ఆ ఆదివారాలు మా ఇంటికి పండగలాంటివి, అమ్మకు మాత్రం చాకిరీ. మధ్యాహ్నం మిషను ఆగిపోయేది. అలవాటు లేని ఆ నిశ్శబ్దానికి మాకే చెవులు గుయ్యిమనేవి. బస్తాలు గోడవారకు నెట్టి, నేల తుడిచి, చాపలు పరిచేవాళ్ళం. పెద్దవాళ్ళు చాపల మీద కూర్చోలేక, అమ్మకానికి కుట్టి పెట్టిన కొత్త పరుపుల దొంతర మీద చేరేవాళ్ళు. నాన్నకు ఒళ్ళు మండేది గానీ ఏమీ అనేవాడు కాదు. తన తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు, చేతుల మీద మడత కత్తిలా నిలబడేదాకా. మెట్ల కింద విడిచేసే బూట్లకు పాలిష్ ఎందుకో అరగంట పట్టేది. అమ్మ పెద్ద గిన్నెలో అల్లం టీ, ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు సిద్ధం చేసేది. "ఏమండీ, ఈసారి వచ్చేది ఎవరు? తింటాడా, తినడా?" అన్నదొక్కటే ఆమె అడిగేది. తినని అతిథులంటే ఆమెకు గిట్టేది కాదు.

వచ్చినవాళ్ళు రకరకాలు. కొండవీటి కోట గోడలు కొలిచి వచ్చిన ఓ ఇంజనీరు. ఓడలో పనిచేసి, రెండు గంటలూ కూర్చోకుండా నిలబడే మాట్లాడిన నేవీ మనిషి. సైన్యంలో కంచరగాడిదలను సాకి, వాటి పేర్లన్నీ వరసగా చెబుతూ మధ్యలో ఏడ్చేసిన వినుకొండ వైపు ముసలాయన. ఇరవై మంది వస్తే గొప్ప. కార్గిల్ యుద్ధం వచ్చిన ఏడాది మాత్రం హాలు పట్టలేదు. మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. అప్పుడొక నెల హైదరాబాదు నుంచి ఒక రిటైర్డ్ ఆఫీసరు వచ్చాడు. కోటమ్మత్త మా మేడ మెట్లెక్కింది ఆ రోజే.

యడ్లపాడు దగ్గర పల్లె ఆమెది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడాలు తీసే పనికి పేటకు వచ్చేది. కొట్టు ముందు నేను సుద్దముక్కతో రాసిన బోర్డును తోటి కూలీ కూతురెవరో చదివి వినిపిస్తే, పని దిగి అట్నుంచి అటే వచ్చేసింది. యాభై అయిదు దాటి ఉంటాయి. ఎండి గట్టిపడ్డ మనిషి, నుదుటన రూపాయంత బొట్టు. ఆమె వచ్చి కూర్చోగానే చుట్టుపక్కల వాళ్ళంతా తుమ్మడం మొదలుపెట్టారు. చీరంతా మిరప ఘాటు. ఆమె అది గమనించుకుని వెళ్ళి మెట్ల దగ్గర గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. ఆఫీసరు పటం గోడకు తగిలించి చక్కగా చెప్పాడు. చప్పట్లయ్యాక మాస్టారు "ప్రశ్నలేమన్నా ఉన్నాయా?" అన్నాడు. గుమ్మం దగ్గర నుంచి ఆమె లేచింది.

"అయ్యా, మా ఆయన చైనా యుద్ధానికి పోయాడు. మళ్ళా రాలా. తమరు ఎరుగుదురా?"

"పేరేంటమ్మా?" అన్నాడు ఆఫీసరు.

ఆమె భర్త పేరు నోటితో పలకదు. కొంగు ముడి విప్పి మడతలు నలిగిపోయిన కాగితం ముక్క ఒకటి తీసి, దగ్గరలో నేనున్నానని నా చేతికిచ్చింది. నేను చదివాను. ఒక నంబరు, ఆ పక్కన సిపాయి సాంబయ్య, తండ్రి వెంకయ్య, ఊరి పేరు. ఆఫీసరు ఒక్క క్షణం కిటికీ వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "మీ ఆయన చివరి తూటా దాకా శత్రువుతో పోరాడి ఉంటాడమ్మా. అలాంటి వీరుల వల్లే మనం ఇవాళ ఇక్కడ కూర్చున్నాం" అన్నాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేనూ లేచి కొట్టాను. రిజిస్టర్లో ఆ మాటల కింద గీత కూడా గీశాను. ఆమె అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాతి నెల మళ్ళీ వచ్చింది. నాన్న ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"అన్నా, ఆ దొరగారు చెప్పినదాంట్లో మా ఆయన లేడు" అంది. "మా ఆయన కోడిని కొయ్యమన్నా కోసేవాడు కాదు. వేరెవరి సంగతో చెప్పాడాయన. తెలిసినోళ్ళు ఎవరన్నా వస్తారేమో, అడుగుదామని వచ్చా."

ఆ రోజు అతిథి మాట్లాడింది కొండవీటి రెడ్డిరాజుల గురించి. అది అయిపోయాక ఆమె లేచి, కాగితం నాకిచ్చి, అదే ప్రశ్న అడిగింది. వచ్చినాయన బిత్తరపోయి మాస్టారి వైపు చూశాడు.

అలా దాదాపు నాలుగేళ్ళు. అమ్మతో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ తన సంగతి కొంచెం కొంచెం చెప్పుకుంది. పెళ్ళయ్యాక ఆయనతో గడిపింది సెలవులన్నీ కలిపినా ఏడాది కాదు. యుద్ధమయ్యాక ఒక కాగితం వచ్చింది, ఆచూకీ తెలియడం లేదని. ఆ తర్వాత ఇంకొకటి, మరణించినట్లు భావించడమైనదని. "భావించడమేందమ్మా? చచ్చిపోయాడంటే చచ్చిపోయాడనాల, లేదంటే లేదనాల" అనేది. బొట్టు తీయనంది. పుట్టింటివాళ్ళు మళ్ళీ పెళ్ళి చేస్తామంటే వద్దంది. ఊళ్ళోవాళ్ళకు ఆమెను ఏం చేయాలో తెలియలేదు. పేరంటాలకు పిలిచేవాళ్ళు కాదు. ఎవరింట్లోనైనా శుభకార్యమైతే తనే వెళ్ళకుండా తలుపేసుకునేది. తద్దినం పెడదామంటే ఏ రోజని పెట్టాలి? అత్తగారు చనిపోయే ముందు "నా కొడుక్కి ఓ ముద్ద పెట్టే దారి చూడవే" అని చెయ్యి పట్టుకుని అడిగిందట. ఆ దారి వెతుక్కుంటూ ఆమె బస్సెక్కి మా మేడ మీదికి వచ్చేది.

మండలిలో అందరూ మంచివాళ్ళే. కానీ మంచివాళ్ళకు కూడా విసుగొస్తుంది. పురుగుమందుల కొట్టు పిచ్చయ్య గారికి యుద్ధాలంటే ప్రాణం. సైన్యంలో ఎప్పుడూ పనిచేయలేదు గానీ తుపాకుల పేర్లన్నీ నోటికొచ్చు. ఒకరోజు టీ తాగుతూ నాన్న మీద లేచాడు.

"ఒరేయ్ మౌలాలీ, ఎక్కడెక్కడి నుంచో పెద్దమనుషుల్ని పిలుస్తున్నాం. చివర్లో ఆవిడ లేచి అడిగేసరికి వాళ్ళ మొహాలు చూడలేకపోతున్నాం. నువ్వన్నా చెప్పు, మేమన్నా చెప్తాం."

"ఏమని చెప్తావురా?" అన్నాడు నాన్న.

"ఇంక రావద్దని."

"మేడ నాది. చాప నాది. ఆమె వస్తది, అడుగుతది. చూడలేకపోతే నువ్వు కళ్ళు మూసుకో."

పిచ్చయ్య గారు రెండు నెలలు రాలేదు. తర్వాత వచ్చాడు.

నిజం చెప్పాలంటే విసుగు నాకూ వచ్చింది. నెలనెలా అదే కాగితం, అదే నంబరు, అదే పేరు. చదివేటప్పుడు అతిథి మొహంలో మొదట అయోమయం, తర్వాత జాలి, ఆ తర్వాత గడియారం వైపు చూపు. ఒక నెల స్కూల్లో పరీక్షల పేపర్లు దిద్ది దిద్ది తలనొప్పితో ఉన్నాను. ఉపన్యాసం అవగానే మాస్టారు ప్రశ్నలని అడిగేలోపే నేను లేచి వందన సమర్పణ చదివేశాను. అందరూ లేచారు. జనం దిగిపోయాక చూస్తే కోటమ్మత్త మెట్ల మీద కూర్చుని ఉంది, కాగితం చేతిలో అలాగే పట్టుకుని. "ఇయ్యాల టైము లేకపోయిందా అమ్మాయ్? పోన్లే, వచ్చే నెల్లో అడుగుతాలే" అంది. ఆమె బస్సు వెళ్ళిపోయి, ఆటోల కోసం నడిరోడ్డు మీద నిలబడటం కిటికీలోంచి చూశాను. ఇన్నేళ్ళయినా ఆ సాయంత్రం నన్ను వదల్లేదు.

దేవదానం గారు వచ్చింది ఒక వానాకాలంలో. చీమకుర్తిలో రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఒకటి తమ పనివాళ్ళ గదులకు పరుపులు కావాలంటే నాన్న స్వయంగా వేసుకెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్ నిలబడిన తీరు చూసి "ఏ యూనిట్టండీ?" అని అడిగాడట. ఆ వాచ్‌మనే దేవదానం గారు, సైన్యంలో లారీ డ్రైవరు. తర్వాత ముప్ఫయ్యేళ్ళు లారీలు నడిపి, చూపు మందగించాక గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఆ నెల రావాల్సిన అతిథి రానని కబురు పెట్టాడు. నాన్న మళ్ళీ చీమకుర్తి వెళ్ళి బతిమాలాడు. "నేనేం మాట్లాడతా సార్? నాకు బండి తోలడమే వచ్చు" అంటే, "బండి తోలిన సంగతే చెప్పండి" అన్నాడు నాన్న.

సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. కాలరు దాకా గుండీలు పెట్టుకుని, బైబిలు పట్టుకున్నట్టు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని మాట్లాడాడు. కొండల్లో దారులు ఎంత ఇరుకో, ఎదురుగా లారీ వస్తే ఎలా తప్పించుకోవాలో, పొగమంచులో పక్కనున్నవాడు కిందికి దిగి ముందు నడుస్తూ చెయ్యి ఊపితే దాన్ని చూసి ఎలా తోలాలో చెప్పాడు. ముప్పావుగంటలో ముగించి, చెమట తుడుచుకుని, హమ్మయ్య అన్నట్టు కూర్చున్నాడు. మాస్టారు ప్రశ్నలని అడిగాడు. కోటమ్మత్త లేచింది. నేను కాగితం అందుకుని, బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు గబగబా చదివేశాను.

ఆయన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "ఇంకొకసారి చదువమ్మా" అన్నాడు.

ఈసారి నిదానంగా చదివాను. హాల్లో ఎవరో వేరుశనక్కాయ నొక్కిన చప్పుడు వినపడి ఆగిపోయింది.

"సాంబయ్య..." అన్నాడాయన. "యడ్లపాడు సాంబయ్య. ముందుపళ్ళు రెంటికీ మధ్య సందు."

కోటమ్మత్త గుమ్మం పట్టుకుంది.

"వెనక్కొచ్చేయమని ఆర్డరొచ్చింది" అని మొదలుపెట్టాడు. ఎవరి వైపూ చూడటం లేదు. "వాన. నా లారీలో వేరే యూనిట్లోళ్ళు పదిమందికి పైనే ఎక్కారు, పేర్లు ఎవరూ రాసుకోలేదు. నేను తెలుగోణ్ణని సాంబయ్య ముందు నా పక్కన కూచున్నాడు. ఇయ్యాల నాగుల చవితి గదా, మనూళ్ళో పుట్టలో పాలు పోస్తా ఉంటారు అన్నాడు. ఇంటిదాని సంగతి చెప్పాడు. కాసేపటికి వెనక ఒకడికి జొరం, వణుకుతున్నాడని కేకేశారు. సాంబయ్య దిగి, వాణ్ణి తెచ్చి తన చోట్లో కూచోబెట్టి, తను వెనకెక్కాడు. పొద్దుగూకతా ఉంది. మలుపులో దారి అంచు నానిపోయి ఉంది. చక్రం దిగింది. బండి ఒరగతా ఉంటే..." ఆగాడు. "నేను దూకాను. పక్కనున్న జొరం మనిషిని లాగుదామని చెయ్యి చాపాను. చాపానో, చాపాననుకుంటన్నానో, ఇన్నేళ్ళనించీ ఆలోచిస్తానే ఉన్నా. బండి ఏట్లో పడింది. కింద నీళ్ళు తప్ప ఏం కనపళ్ళేదు. నేను విసిరేసినట్టు పడ్డానని రిపోర్టులో రాశారు. నేనూ ఔనన్నా. నేను దూకానమ్మా."

"బండి వదిలేసి దూకావా? అంతమందిని..." పిచ్చయ్య గారు అరుస్తూ లేచాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా అదిమి కూర్చోబెట్టాడు. నాన్న అలా ఒకరి మీద చెయ్యి వేయడం నేను అంతకు ముందు చూడలేదు.

కోటమ్మత్త నడిచి వచ్చి ఆయన ముందు చాప మీద కూర్చుంది. ఏడవటం లేదు. "జొరం మనిషికి చోటిచ్చి దిగాడా? ఆఁ, అదీ ఆయన" అంది తనలో తను అనుకున్నట్టుగా. తర్వాత అడిగింది. "నాగుల చవితినాడేగా?"

"అదే రోజమ్మా. అందులో సందేహం లేదు."

"అప్పుడు ఆయన మెలకువగా ఉన్నాడా అన్నా, నిద్రపోతన్నాడా?"

ఆయన చాప అల్లిక వైపు చూశాడు. "నిద్రపోతన్నాడమ్మా" అన్నాడు. "అందరూ అలిసిపోయి ఉన్నారు. వెనకున్నోళ్ళందరూ నిద్రలోనే ఉన్నారు. ఎవరికీ తెలవలేదు."

పిచ్చయ్య గారు ఏదో అడగబోయి నాన్న మొహం చూసి ఊరుకున్నాడు. ఆయన అడగబోయిందేమిటో ఆ హాల్లో అందరికీ తెలుసు. ముందు కూర్చుని బండి తోలే మనిషికి వెనకున్నవాళ్ళు నిద్రపోతున్నారని ఎలా తెలుస్తుంది? కోటమ్మత్త లేచి, అమ్మ దగ్గర టీ గ్లాసు అందుకుని తనే ఆయనకిచ్చింది. "అంత దూరం నించి వచ్చి చెప్పావు. ముందు ఇది తాగు" అంది. ఆయన రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు.

నాన్న ఆయన్ను బస్సెక్కించి వచ్చాక చాపలు చుడుతూ నాతో అన్నాడు. "ఆ దారుల్లో లారీ వెనక ఎవడికీ నిద్రపట్టదు ఫాతిమా. నేనూ తిరిగినోణ్ణే. ప్రతి మలుపుకీ ప్రాణం అరచేతిలో ఉంటది."

"మరి ఏం రాయను నాన్నా?"

"ఆయన ఏం చెప్పాడో అది రాయి."

రాశాను. సాంబయ్య నిద్రలో ఉండగా ప్రమాదం జరిగిందని వక్త తెలిపారు. విన్నది విన్నట్టు రాయమన్న మాస్టారి మాట తప్పలేదు. అయినా ఆ వాక్యం రాసిన చెయ్యి చాలాకాలం నాకు బరువుగా ఉండేది. మేమందరం కలిసి ఆమెను మోసం చేశామని అనిపించేది.

ఆమె మళ్ళీ రాలేదు. ఆ ఏడు నాగుల చవితికి భర్త తద్దినం పెట్టిందని, ఊరు ఊరంతా భోజనానికి వచ్చిందని తెలిసింది. మా సమావేశాలు నడిచాయి గానీ వాటిలో సారం పోయింది. మాస్టారు "ప్రశ్నలేమన్నా ఉన్నాయా?" అనగానే అందరి తలలూ గుమ్మం వైపు తిరిగేవి. ఒకసారి పిచ్చయ్య గారే "ఆమె లేకపోతే ఏందో వెలితిగా ఉందిరా" అన్నాడు. తర్వాత మాస్టారికి పక్షవాతం వచ్చింది. టీవీలో రోజంతా యుద్ధాల గురించి మాట్లాడేవాళ్ళు వచ్చారు. రెడీమేడ్ ఫోమ్ పరుపులు వచ్చి మా మిషను వారానికి రెండు రోజులే తిరిగేది. ఏళ్ళ తరబడి పీల్చిన దూది నాన్న ఊపిరితిత్తుల్లో కూర్చుంది. మెట్లెక్కలేకపోయాడు. మండలి ఎత్తేశామని ఎవరూ అనలేదు. ఒక నెల నేను బోర్డు రాయలేదు, ఎందుకు రాయలేదని ఎవరూ అడగలేదు. అంతే.

ఇప్పుడు నేను మాట్లాడే హాళ్ళలో కుర్చీలు మెత్తగా ఉంటాయి. మైకు బాగుంటుంది. ఎవరికీ తుమ్ములు రావు. ఏ సంగతి కావాలన్నా జేబులోని ఫోను చెబుతుంది కాబట్టి అతిథిని అడిగి తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. అందుకు పిల్లల్ని తప్పుపట్టను. కానీ పొద్దంతా తొడాలు తీసి మండే చేతులతో బస్సెక్కి వచ్చి, తనకు సంబంధం లేని రెడ్డిరాజుల కథ రెండు గంటలు విని, చివర్లో తన ఒక్క ప్రశ్న అడగడానికి లేచి నిలబడిన మనిషిని చూశాక, ఆ మెత్తని నిశ్శబ్దం నాకు మోయలేనంత బరువుగా ఉంటుంది. ఈ వయసులో దాన్ని మోయడం కష్టమవుతోంది.

నాన్న పోయిన మూడో రోజు ఆయన పేరున చదివించే ఫాతెహాకు కోటమ్మత్త వచ్చింది. నుదుట బొట్టు లేదు. అమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వెళ్ళేటప్పుడు సాగనంపడానికి నేను వీధి దాకా వెళ్ళాను. ఎప్పటినుంచో లోపల కుములుతున్నది ఆపుకోలేక అనేశాను.

"అత్తా, ఆ రోజు దేవదానం గారు చెప్పింది... నిద్రలో ఉన్నాడని..."

ఆమె నా మాట పూర్తికానివ్వలేదు.

"తెలుసమ్మాయ్. మా ఆయనకి కదిలే బండిలో నిద్రపట్టదు. పేట నించి గుంటూరు పోయినా బస్సులో కమ్మీ పట్టుకుని కళ్ళు పెద్దవి చేసుకుని కూచునేవాడు."

"మరి ఆ రోజు ఏమీ అనలేదేంటి?"

"ఏమంటా? నా కోసం ఆయన ఆ మాట చెప్పాడు. ఆయన కోసం నేను ఊరుకున్నా." కొంగు సర్దుకుంది. "ముప్ఫై నలభై ఏళ్ళు నేను తెలవక ఏడిస్తే, ఆయన తెలిసి ఏడిచాడు. నాకు చవితి రోజన్నా దొరికింది. ఆయనకేం దొరికింది?"

బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"చీమకుర్తిలోనే ఉన్నాడా అమ్మాయ్? ఎట్టా ఉన్నాడో ఏమో. ఓసారి పోయి చూసిరా. నేను బాగున్నానని చెప్పు."

వెళ్తానన్నాను. నాన్న నలభయ్యో రోజు ఫాతెహా, స్కూలు, అమ్మ ఆరోగ్యం, అవీ ఇవీ అయ్యి నేను చీమకుర్తి వెళ్ళేసరికి ఏడాది దాటింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. దేవదానం గారు పోయి నాలుగు నెలలైందని చెప్పాడు. లోపల రాయి కోస్తున్న చప్పుడులో ఆ మాట నాకు మొదట వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను.